ఒకటిన్నర చేతుల చొక్కా

"నా గోధుమరంగు మేజోళ్ళెక్కడా?"

బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, లోపలికి తల దూర్చి మరీ అడిగారు మాస్టారు. అడిగిన మనిషికీ మేజోళ్ళకీ మధ్య జానెడు దూరం. వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డ ఆయన భార్యకీ ఆ మేజోళ్ళకీ మధ్య ఒక గది, ఒక నడవ, పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలు. అయినా వెతకాల్సింది ఆమే. మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, తువ్వాళ్ళ మడతల కిందనుంచి తొంగి చూస్తున్న గోధుమరంగు అంచు పట్టుకుని లాగింది. "అరే, ఇప్పుడేగా అక్కడ చూశాను!" అన్నారాయన. ఆయనెప్పుడూ ఇప్పుడే చూసి ఉంటారు. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికే వంశం మరి. ఆమె వంటింట్లోకి తిరిగొచ్చేసరికి పాలు పొంగనే పొంగాయి, "పాలు పెట్టి ఎక్కడికి పోయావమ్మాయ్?" అని అత్తగారు అడగనే అడిగారు.

ఈ ఒక్కటే అయితే చెప్పుకోవడానికి ఏముంది! అత్తగారి కళ్ళజోడు, కూతురి కాలేజీ కార్డు, కత్తెర, గొడుగు, తాళంచెవులు, ఫోన్ ఛార్జరు, నిన్న ఇక్కడే పెట్టిన మాత్రల చీటీ. ఆ ఇంట్లో నలుగురికి ఎనిమిది కళ్ళున్నా చూసేవి రెండే. "మా ఇంట్లో డేగ ఉందండోయ్! చీమ తన చెప్పు పారేసుకున్నా చిటికెలో పట్టేస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు మాస్టారు. మెచ్చుకోలుకి ఖర్చేముంది కనుక! అలా ఆమెకి డేగ అన్న పేరు స్థిరపడిపోయింది. నిజం చెప్పాలంటే మొదట్లో ఆమెకీ గర్వంగానే ఉండేది. దిండు పక్కన కళ్ళజోడు కాడ ఒక్కటి కనబడితే చాలు, మిగతా కళ్ళజోడంతా ఆమె బుర్ర దానంతటదే పూర్తిచేసేసేది. అసలు కొస కనబడితే వస్తువు కనబడకపోవడం ఎలా కుదురుతుందో ఆమెకి అర్థమయ్యేది కాదు. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పని. కుట్టు పూర్తయిన చొక్కాని బల్లమీద పరిచి ఒక్కచూపు చూసేది. కాలరు వెంట్రుకవాసి పక్కకి జరిగినా, జేబు దగ్గర గళ్ళు కలవకపోయినా వేలు సరిగ్గా అక్కడికే పోయేది. అక్కడ ఆ చూపుకి జీతమిచ్చేవారు. ఇంట్లో బిరుదిచ్చారు.

ఇంకో సంగతి ఉంది, అది ఆమె ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. కొన్ని నెలలుగా నెలసరి వస్తే ఆగేది కాదు. మెట్లెక్కితే ఆయాసం, వంగి లేస్తే కళ్ళముందు చీకట్లు. ఒకసారి అత్తగారి దగ్గర నోరు విప్పితే, "ఈ వయసులో ఆడాళ్ళకి మామూలేనమ్మాయ్, మేమంతా పడలేదా" అన్నారావిడ. మాస్టారికి నీరసంగా ఉందని మాత్రం చెప్పింది. "టైముకి తింటే నీరసం ఎందుకొస్తుంది?" అన్నారాయన, పళ్ళెం ముందుకు జరుపుతూ. మాస్టారు బళ్ళో సైన్సు చెబుతారు. ఆయన దగ్గర ప్రతిదానికీ కారణముంటుంది, ఆ కారణం ఎప్పుడూ ఎదుటివాళ్ళ తప్పే అయి ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున అత్తగారి చేతికర్ర మంచం కిందికి దొర్లిపోయింది. "డేగా, ఇలా రా ఒకసారి" అని మాస్టారు పేపరు చాటునుంచి కేకేశారు. ఆమె మోకాళ్ళ మీద వంగి, మంచం కిందికి దూరి, కర్ర తీసి ఇచ్చి, లేచి నిలబడింది. నిలబడ్డం వరకే గుర్తుంది. తర్వాత నేలమీద ఉంది, మొహం మీద నీళ్ళున్నాయి, కూతురు ఏడుస్తోంది. చాలాసేపే పడి ఉందట. ఆసుపత్రికి పోదామని కూతురంటే, "కళ్ళు తిరిగినదానికల్లా ఆసుపత్రేమిటే, కాస్త నిమ్మరసం ఇవ్వు" అన్నారు అత్తగారు. ఆమెకీ అదే బాగుందనిపించింది. మధ్యాహ్నం వంట ఇంకా కాలేదు మరి.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. మంట కనబడింది. నీలంగా, గుండ్రంగా, చక్కగా కనబడింది. గిన్నె కోసం చూస్తే గిన్నె పిడి కనబడింది, మంట మాయమైంది. పిడిని చూస్తూ ఉంటే పిడి తప్ప ఇంకేమీ లేదు. గిన్నె ఏమైందని కళ్ళు తిప్పితే మూత అంచు, తర్వాత గోడ మీద మరక, తర్వాత తన చేతి గాజు. ఏదీ మసకగా లేదు, అన్నీ స్పష్టంగానే ఉన్నాయి, కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతున్నాయి, ఏ రెండూ కలిసి రావడం లేదు. గ్లాసులోకి నీళ్ళు వంపితే బల్లమీద పడ్డాయి. అంతలో గుమ్మంలో ఒక మీసం కనబడింది. మీసం వెనక మొహం ఉంటుంది కదా అని చూసింది. కళ్ళజోడు కనబడింది, మీసం పోయింది. చెంప మీద పుట్టుమచ్చ కనబడింది, కళ్ళజోడు పోయింది. "ఏంటలా చూస్తున్నావు?" అని మాస్టారి గొంతు వినబడ్డాక గానీ ఆ మీసం తన మొగుడిదని తెలియలేదు. నవ్వకండి, ఆ క్షణంలో ఆమె నిజంగా భయపడింది.

భయపడింది కళ్ళు పోయాయని కాదు. వాళ్ళ పెద్దమ్మ గుర్తొచ్చింది. తన చిన్నప్పుడు పెద్దమ్మ ఒకరోజు ఉన్నట్టుండి "ఇల్లు విడిపోయిందే, తలుపు ఒకచోట, గోడ ఒకచోట" అందిట. రెండోసారి, మూడోసారి కూడా అదే అంది. పిచ్చి పట్టిందన్నారు. వెనకగదిలో ఉంచారు. ఆ తర్వాత పెద్దమ్మ ఏమన్నా ఎవరూ వినేవారు కాదు. ఆకలేస్తోందన్నా, కాలు నొప్పన్నా, నన్ను బయటికి తీసుకెళ్ళండన్నా "పాపం, పిచ్చిది" అనేవారు. పళ్ళెం పట్టుకుని ఆ గది దాకా వెళ్ళే పని ఈమెదే. మనిషి నోట్లోంచి మాట వస్తూనే ఉంటుంది, ఆ మాటకి విలువ పోతుంది. అంతకంటే నరకం ఇంకొకటి ఉండదని ఆమెకి అప్పుడే తెలుసు. అందుకే నోరు మూసుకుంది. గిన్నెలు తడిమి పట్టుకుంది. ఇంట్లోవాళ్ళని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టింది. బస్సు నంబరు పక్కావిడని అడిగింది.

మూసుకున్నంత మాత్రాన దాగుతుందా! కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. చెప్పులు ఒకటొక రకం వేసుకుని వీధిలోకి వెళ్ళింది. ఇంటికి అసలు దెబ్బ మాత్రం బీరువా దగ్గర తగిలింది. "నా నల్ల బెల్టేది?" అని మాస్టారు అడిగితే ఆమె వచ్చి నిలబడింది. హ్యాంగరు, గుండీ, మడత, హ్యాంగరు. "కనబడటం లేదండీ" అంది. ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోటినుంచి ఎవరూ వినలేదు. మాస్టారు కంగారుపడి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక్కో అక్షరమే చూపించి చదవమంటే చివరి వరసదాకా టకటకా చదివేసింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన.

దాంతో మాస్టారికి కంగారు పోయి కోపం వచ్చింది. "కన్ను కెమెరా లాంటిది. వెలుతురు పడుతుంది, లోపల బొమ్మ పడుతుంది, కనబడుతుంది. ఏళ్ళ తరబడి పిల్లలకి చెబుతున్నాను నేను. కన్ను బాగుంటే కనబడి తీరాలి. నీకు నిజంగానే కనబడటం లేదా?" అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తుంది! "ఆడలేక మద్దెల ఓటిదన్నట్టు, పని తప్పించుకోవాలంటే నోటితో చెప్పొచ్చుగా, కళ్ళమీద పెట్టడమెందుకు" అన్నారు అత్తగారు. "నటిస్తే నీకే నష్టం" అని కూడా అన్నారు మాస్టారు, బళ్ళో పిల్లాడితో అన్నట్టు. ఆ 'నిజంగానా?' అన్నది రోజూ వినీ వినీ, తనకే అనుమానమొచ్చేది. నిజంగానేనా? నేనే సరిగ్గా చూడటం లేదా? పెద్దమ్మకి కూడా మొదట్లో ఇలాగే అనుమానం వచ్చి ఉంటుందా? అసలు పిచ్చి అంటే ఇలాగే మొదలవుతుందేమో, మనల్ని మనమే నమ్మకపోవడంతో. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చేది.

ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. అసలు అక్కడే బాగుందనుకుంది కూడా, ఎందుకంటే ఒక్కొక్క కుట్టూ ఎన్నడూ లేనంత వివరంగా కనబడేది. కాజా చూసేది, బాగుంది. గుండీ చూసేది, గట్టిగా ఉంది. అంచు చూసేది, తిన్నగా ఉంది. అలా వేలితో తడుముకుంటూ చొక్కా అంతా చూసి పాస్ ముద్ర వేసేది. మిగతావాళ్ళకంటే ఆలస్యమయ్యేది, సూపర్‌వైజరు గొణిగేవాడు, అంతే. ఒకరోజు ప్యాకింగు విభాగం నుంచి నవ్వులు వినబడ్డాయి. నవ్వు చెకింగ్ టేబుల్ దాకా వచ్చింది. సూపర్‌వైజరు ఒక చొక్కాని రెండు భుజాలూ పట్టుకుని జెండాలా ఎత్తి చూపిస్తున్నాడు. దానికి ఒకవైపు పొడుగు చెయ్యి, ఇంకోవైపు పొట్టి చెయ్యి. ఏ మెషిన్ దగ్గరో రెండు కట్టలు కలిసిపోయి ఉంటాయి. దానిమీద ఉన్న పాస్ ముద్ర ఆమెది.

"ఒకటిన్నర చేతుల చొక్కా! ఇదెవరికమ్మా, మీ ఆయనకా?" అన్నాడు సూపర్‌వైజరు. హాలంతా ఘొల్లుమంది. ఆమె చొక్కా అందుకుంది. పొట్టి చేతి అంచు చూసింది, కుట్టు ముత్యాల్లా ఉంది. పొడుగు చేతి పట్టీ చూసింది, గుండీ సరిగ్గా మధ్యలో ఉంది. "ఇందులో తప్పేముంది? ప్రతి కుట్టూ చూశాను" అంది. మనస్ఫూర్తిగా అంది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. "ఆరోగ్యం బాగాలేకపోతే ఇంట్లో కూర్చోమ్మా. డాక్టరు చీటీ తెచ్చాకే ఈ బల్లముందుకి రా" అని సూపర్‌వైజరు చొక్కా లాక్కుని వెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర కూర్చుని ఉంటే గుండీలక్క వచ్చింది. గుండీల మెషిన్ మీద పనిచేస్తుంది కనుక ఆ పేరు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వస్తూనే పక్కన కూలబడి, "ఇదిగో చూడు, నాకు కబుర్లు చెప్పకు. నీకేం కనబడుతోందో ఉన్నదున్నట్టు చెప్పు" అంది. అన్ని వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి గుండీలక్కే. అందరూ కనబడటం లేదా అని అడిగినవాళ్ళే, ఏం కనబడుతోందని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పింది. ముక్కలు, మీసం, పిడి, పెద్దమ్మ, వెనకగది, అన్నీ. గుండీలక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు, అది ఆవిడ స్వభావానికే విరుద్ధం. అంతా విని, "పద. కళ్ళు కాదు, తల చూపిద్దాం. మా తమ్ముడికి మూర్ఛ వచ్చినప్పుడు చూసిన నరాల డాక్టరమ్మ ఉంది" అంది.

"అమ్మో, తల చూపిస్తే పిచ్చిదంటారక్కా."

"ఒసే, తలనొప్పి వస్తే తలకే కదా మందు రాస్తాం! అప్పుడెవరైనా పిచ్చిదన్నారా? లే, లే. నువ్వు కూర్చుంటే అదే తగ్గుతుందా?"

డాక్టరమ్మ చిన్న మనిషి, మాట నెమ్మది. ఒక కాగితం ముందుపెట్టి ఏముందని అడిగింది. "క" అంది ఆమె. ఇంకా? "ఇంకో క." ఇంకా? "అన్నీ 'క'లేనమ్మా." పక్కనుంచి తొంగిచూసిన గుండీలక్క "అదేంటే, అంత పెద్ద అ ఉంటేనూ!" అని అరిచింది. కాగితం నిండా చిన్న చిన్న కకారాలు పేర్చి పెద్ద అకారం చేశారట. డాక్టరమ్మ గుండీలక్కని ఊరుకోమని సైగ చేసి ఇంకో నాలుగు బొమ్మలు చూపించింది. తర్వాత కింద పడ్డ సంగతి అడిగింది, దానికి ముందు సంగతులు అడిగింది. నెలసరి గురించి చెబుతూ ఆమె "అది మామూలేలెండి" అంది. డాక్టరమ్మ కలం కిందపెట్టింది. "ఏది మామూలు? ఎవరన్నారు మామూలని?" అంది. గొంతు పెరగలేదు గానీ కోపం తెలిసింది. తనమీద కాక తన తరఫున ఒక మనిషికి కోపం రావడం ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలాకాలమైంది.

స్కానింగు, రక్తపరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. "కళ్ళు ముక్కలే తెస్తాయమ్మా, అందరికీ అంతే. దగ్గర దగ్గరగా ఉన్నవి ఒక గుంపనీ, ఒకే రంగువి ఒక వస్తువనీ, కలిసి కదిలేవి ఒక్కటేననీ, సగం దాగినదానికి మిగతా సగం ఇలా ఉంటుందనీ కలిపి చూపించేది తల వెనకభాగంలో ఉంటుంది. అది జరుగుతోందని కూడా మనకి తెలియదు. మీ ఒంట్లో రక్తం అసలే తక్కువ, ఆరోజు బీపీ పూర్తిగా పడిపోయింది, ఆ కలిపే చోటుకి కాసేపు రక్తం అందలేదు. అందుకే ముక్కలు ముక్కలుగా ఉండిపోయాయి. ఇది నటన కాదు, సోమరితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. దీనికో పేరుంది, మందుంది, సాధన ఉంది. చాలావరకు తిరిగొస్తుంది."

దీనికో పేరుంది! ఆమె భోరుమంది. గుండీలక్క హడలిపోయి వీపు నిమరడం మొదలుపెట్టింది. అది దుఃఖం కాదు. హమ్మయ్య, హమ్మయ్య అని లోపల ఒకటే మోత. జబ్బు వచ్చిందని తెలిసి అంత సంతోషపడ్డ మనిషిని ఆ ఆసుపత్రి గోడలు చూసి ఉండవు. తన మాట నిజమైంది. తను చూసింది చూసినట్టే చెప్పింది. కాస్త తేరుకున్నాక, "మరి మా పెద్దమ్మకి కూడా ఇదేనామ్మా?" అని అడిగింది. "ఇప్పుడు చెప్పలేమమ్మా, అప్పుడు ఎవరైనా చూసి ఉండాల్సింది" అంది డాక్టరమ్మ. దానికి మళ్ళీ ఏడ్చింది. ఈసారిది దుఃఖమే.

రక్తం ఎక్కించాలి, గర్భసంచిలో గడ్డలకి వైద్యం చెయ్యాలి, ఆసుపత్రిలో చేర్చాలి. మాస్టారు పరుగెత్తుకొచ్చారు. అంతా విని, "కళ్ళు బాగున్నాయన్నారు కదండీ?" అన్నారు, వదలకుండా. డాక్టరమ్మ కుర్చీ చూపించింది.

"మాస్టారూ, మీ ఇంటికి సరుకులు వస్తాయి. గుమ్మంలో పెట్టి పోతారు. తర్వాత?"

"తర్వాతేముంది, లోపల సర్దుతాం."

"ఎవరు?"

"మా ఆవిడ."

"ఆవిడ మంచాన పడితే మూటలు గుమ్మంలోనే ఉంటాయి. అప్పుడు సరుకులు రాలేదంటారా?"

మాస్టారు ఆ కుర్చీలో కూర్చున్నారు. బళ్ళో పాఠం చెప్పే మనిషికి పాఠం అందితే తెలియకుండా ఎలా ఉంటుంది! "మరి నన్నేం చెయ్యమంటారు?" అని అడిగారు. అది మాత్రం ఆయన మంచితనమే, ఒప్పుకోవాలి.

డాక్టరమ్మ చెప్పిన మందుల్లో ఒకటి మాత్రం ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. ఏ వస్తువు తీసినవాళ్ళు దాన్ని తీసినచోటే పెట్టాలి, ఆమెని ఏదీ వెతికిపెట్టమని అడగకూడదు. ఇక చూడండి ఆ ఇంటి అవస్థ! మాస్టారు ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి నీలం మేజోడు వేసుకుని బడికి వెళ్ళారు. అత్తగారు నుదుటిమీద కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు కోసం పూటంతా వెతికారు. కూతురు కార్డు లేక కాలేజీ గేటు దగ్గరనుంచి తిరిగొచ్చింది. మాస్టారు వంటింట్లోకి వచ్చి, "ఇంటిపనే కదా, ఏముంది, ఏం చెయ్యాలో చెప్పు చాలు" అన్నారు. ఆమె కుర్చీలో కూర్చుని చెప్పింది. ఆమెకి పని ముక్కలుగానే కనబడేది కనుక ముక్కలుగానే చెప్పింది. ముందు నిన్నటి గిన్నె నానబెట్టండి. పొయ్యి తుడవండి. తుడిచిన గుడ్డ ఉతకండి. ఉతికింది ఆరెయ్యండి. బియ్యం డబ్బా మూత పెట్టండి. చేతులు కడుక్కోండి. పాలగిన్నె విడిగా పెట్టండి. మీ అమ్మగారి మాత్ర తిండికి ముందు. మాస్టారు చెంచా పట్టుకుని నిలబడిపోయి, "ఇన్నుంటాయా?" అన్నారు. "ఇంకా వంట మొదలవలేదండీ" అంది ఆమె. దూరంనుంచి చూసేవాళ్ళకి అదంతా కలిసి ఇల్లన్న ఒక్క ముద్దలా కనబడుతుంది. దాన్ని విడదీసి చూపించాలంటే ఒకరి తల చెదరాల్సొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నారు. "మాకూ అలాగే అయ్యేదమ్మాయ్" అన్నారు. "మీ ఆయన తర్వాత కాన్పు పోయినప్పుడు ఆర్నెల్లు ఆగలేదు. రెండుసార్లు పడిపోయాను. మా అత్త మామూలేనంది. నేనూ అదే మాట నీకు చెప్పాను. నాకు తెలిసింది అదొక్కటే మరి." ఆవిడ మొహంలో ఆమెకి కనబడింది పెదవి ఒక్కటే, అది వణుకుతోంది. "ఆ డాక్టరమ్మ ముసలాళ్ళని కూడా చూస్తుందా? వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళు" అన్నారు అత్తగారు. ఆమె చెయ్యి చాపింది. దూరం తెలియక చెయ్యి ఆవిడ భుజానికి బదులు చెవికి తగిలింది. ఇద్దరూ పకపకా నవ్వారు. అత్తాకోడళ్ళు అలా కలిసి నవ్వడం ఆ ఇంట్లో అదే మొదలు.

నెలలు గడిచాయి. మొహంలోకి రంగొచ్చింది, ఆయాసం పోయింది. రోజూ రంగుచుక్కలు పెట్టుకుని సాధన చేసేది, కూతురు పక్కన కూర్చునేది. ఒక సాయంత్రం వీధి గుమ్మంలో కూర్చుని ఉంది. బడి వదిలారు. ఒక సంచీ, ఒక బూటు, ఒక జడ. మళ్ళీ ఒక సంచీ. అంతలో ఎర్రచొక్కాల పిల్లలందరూ రోడ్డు దాటడానికి ఒక్కసారిగా కదిలారు. ఎర్రగా, పొడుగ్గా, ఒక వరస. ఒకటే వరస! ఆమె ఊపిరి బిగబట్టింది. వరస రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా చెదరలేదు. "ఏమే, ఇలా రా, వరస! వరస!" అని కూతుర్ని కేకేసింది. కూతురు వచ్చేసరికి వీధి ఖాళీగా ఉంది. అయినా ఇద్దరూ గుమ్మంలో గంతులేశారు. ఆ తర్వాత ఒక రోజు మాట మొత్తం చదవగలిగింది, ఇంకో రోజు పళ్ళెం మొత్తం చూసింది. అలసిపోతే చెదిరిపోయేది, నిద్రపోయి లేస్తే కూడుకునేది.

చివరి పరీక్షకి మాస్టారు తోడొచ్చారు. డాక్టరమ్మ ఒక రంగుల బొమ్మ ముందుపెట్టి, తొందరలేదు, ఏం జరుగుతోందో చెప్పమంది. ఆమె చూసింది. బొమ్మంతా ఒక్కసారే వచ్చి కళ్ళలో నిలిచింది, ఏ మూలా జారిపోలేదు. "భోజనాల బల్ల. ఇంటిల్లిపాదీ కూర్చుని తింటున్నారు. తాత నవ్వుతున్నాడు, చిన్నది పాలు ఒలకబోసింది. ఒకావిడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది" అంది. ఆవిడ పక్కన వేలు పెట్టి, "ఆవిడకి కుర్చీ వెయ్యలేదు" అంది.

డాక్టరమ్మ బొమ్మని తనవైపు తిప్పుకుని కుర్చీలు లెక్కపెట్టింది. "ఎంతోమందికి చూపించాను ఈ బొమ్మ. నాకూ తట్టలేదు సుమా" అని నవ్వేసింది. "ఇక మీకు నాతో పనిలేదమ్మా. ఫ్యాక్టరీకి చీటీ రాసిస్తాను, హాయిగా వెళ్ళండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దుకాణాలు, మనుషులు, బండ్లు, మబ్బులు, అన్నీ కలిసి ఒక వీధిగా వెనక్కి పోతున్నాయి. ఎంత బాగుందో! పక్కన మాస్టారు తేలిగ్గా ఊపిరి వదిలారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. "హమ్మయ్య, గండం గడిచింది. ఇక ఇల్లు మళ్ళీ మామూలుగా నడుస్తుంది" అన్నారు. "నా పాత ఫైలొకటి ఎన్నాళ్ళుగానో కనబడటం లేదు. అమ్మ శాలువా సంగతి కూడా తెలియలేదు. నువ్వొక్కసారి చూశావంటే..."

ఆమె ఆయనవైపు తిరిగింది. మీసం, కళ్ళజోడు, పుట్టుమచ్చ, నెరిసిన కనుబొమలు, ఆ మధ్య కాస్త నేర్చుకున్న భయం, ఎన్నేళ్ళో అలవాటైన ధీమా, అన్నీ ఒకే మొహంలో ఒక్కసారే కనబడ్డాయి. మంచివాడే. అలవాటు పడ్డ మంచివాడు. ఆమెకి కోపం రాలేదు. మనసు తేలిగ్గా, నిమ్మళంగా ఉంది.

"నాకిప్పుడు మొత్తం కనబడుతోందండీ" అంది. "అందుకే చెబుతున్నాను, మీవి మీరే వెతుక్కోండి."

మాస్టారు ఈసారి 'నిజంగానా?' అని అడగలేదు.